మూడో ఓనరు

పొట్టంగికీ సుంకి ఘాటుకీ నడుమ
రేకుల షెడ్డు నాది.
బోర్డు మీద సగం తెలుగు, సగం ఒడియా,
రెంటి మీదా గ్రీజు.

ఇక్కడ జపాన్ అంటే దేశం కాదు.
"బండి జపానుదేనా?" అని అడుగుతారు,
బావిలో నీళ్లు తియ్యటివేనా అన్నట్టు.
ఔనంటే చాలు, మరి బేరం లేదు.

"బోల్టు విప్పినప్పుడు తెలుస్తాదిరా
బిగించినోడి గుణం" అనేవోడు
మా సింహాద్రి మేస్త్రి.
ఇరవయ్యేళ్ల ఇంజను విప్పి ఓసారి
నా వేలు పట్టుకుని లోపల పెట్టించాడు.
ఎవరికీ కనపడని అంచు,
అద్దంలా నున్నగా.
"సూడు, ఎవడూ సూడడని తెలిసీ రుద్దాడు."
దణ్ణం పెడతాడనుకున్నాను,
పదమూడో నంబరు స్పానరు అడిగాడు.

ఆ నునుపునే నేను అమ్ముకు తిన్నాను.

రాయపూర్ నుంచి దిగే బ్రేకు ప్యాడ్ల పెట్టెల మీద
చీమలు బారులు తీరినట్టు జపాను రాత.
తెలుగులో రాసుంటే అనుమానిస్తారు,
ఒడియాలో రాసుంటే బేరమాడతారు,
ఎవరికీ చదవరాని అక్షరానికి
అడిగినంతా ఇచ్చి పోతారు.
అందులో ఏముందో నాకూ తెలీదు.
"ఇది దొంగ సరుకు" అనే ఉందేమో.

డొంబురు ఖోరాకి బండి ఇప్పించిన రాత్రి
మీటరు లక్షా అరవై రెండు వేలు చూపించింది.
తలుపు దించి, డెబ్బై ఎనిమిది వేలు చేశాను.
ఎనభై నాలుగు వేల కిలోమీటర్లు!
ఎవరి పెళ్లిళ్లకి తిరిగినవో,
ఏ ఆస్పత్రికి ఆలస్యంగా చేరినవో,
అరగంటలో లేకుండా పోయాయి.
ఇంజను మాత్రం గుట్టు విప్పలేదు,
కొత్త కోడలిలా మెత్తగా మాట్లాడింది.
చెత్త బండి మీద అబద్ధం నిలబడదు.
మంచి బండి కాబట్టే నిలబడింది.

ఒకరోజు పకోడీ పొట్లం విప్పితే
పేపరులో జపాన్ పెద్దోళ్లు,
నల్ల కోట్లు, వరసగా నడుములు వంచి.
పరీక్షల్లో అంకెలు మార్చారంట, ఏళ్ల తరబడి.
ముందు నవ్వొచ్చింది,
నా బోటోళ్లే కదా అని.
తర్వాత పకోడీ చల్లారిపోయింది.
నూనె మరకలోంచి తలలు కనపడుతున్నాయి,
ముఖాలు కనపడటం లేదు.
పధ్నాలుగో ఏట నుంచీ నేనూ వంగే ఉన్నాను
బానెట్ల కింద, పొద్దస్తమానం.
ఒక్కసారీ అందుకు కాదు.

ఆ పేరుకి వాళ్లు తగుదురా అంటే
ఏం చెప్పను?
కనపడని అంచు రుద్దినోడూ
కనపడే అంకె దిద్దినోడూ
సాయంత్రం ఒకే గేటులోంచి
క్యారేజీ ఊపుకుంటూ బయటికొస్తారు కాబోలు.

ఇంకోటి కూడా ఉంది.
డొంబురు బండికి కంపెనీ ఉత్తరం వచ్చిందట.
స్టీరింగులో, ఎడం పక్క డాష్‌బోర్డులో
గాలిసంచులు లోపం, తీసుకురండి,
ఉచితంగా మారుస్తాం అని.
సీతమ్మధారలో మొదటి ఓనరుకి.
ఆయన అమ్మేసి ఆరేళ్లు.
బ్రోకరు ఫోన్లో చదివి వినిపించి నవ్వాడు.
నిజాయితీ మొదటి ఓనరు గుమ్మం దాకా వస్తుంది.
ఘాటు ఎక్కదు.

ఈ పొద్దున డొంబురు వచ్చాడు.
వెనక సీట్లు తీసేసి అల్లం బస్తాలు,
ముందు సీట్లో ఎనిమిదేళ్ల కూతురు,
కాళ్లు ఊపుతూ.
"సాలూరు దిగాలి భాయ్, బ్రేకు ఓసారి చూడు."

చూశాను. నేను అమ్మినవే.
నిలువు రాత ఇంకా చెరగలేదు,
ప్యాడ్లే అరిగాయి.

బానెట్ ఎత్తి లోపలి రేకు మీద
తెల్ల పెయింటుతో రాశాను
నేను తుడిచేసినవీ, అతను తిరిగినవీ కలిపి,
అతనికి చదవొచ్చిన ఒడియా అంకెల్లో.
కింద, గాలిసంచి అని ఒక్క ముక్క.
చెయ్యి వణికి ఒక సున్నా సాగింది.

పెయింటు ఆరలేదు.
అవతల అతను టీ ఊదుకుంటున్నాడు.
ఇంకా పిలవలేదు.